సలహా బోర్డు వార్షిక నివేదికను కౌంటీ సూపర్‌వైజర్లకు బుట్టదాఖలు కాకుండా సమర్పించడం ఎలా?

కాలిఫోర్నియాలోని ఒక కౌంటీలో, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగంలో, మీరు బిహేవియరల్ హెల్త్ బోర్డు సభ్యులుగా ఉన్నారనుకుందాం. మానసిక ఆరోగ్యం, మత్తు వ్యసనాల చికిత్స ఈ బోర్డు పరిధిలోకి వస్తాయి. కౌంటీని పాలించే, ఎన్నికైన సూపర్‌వైజర్లకు ఇది సలహా చెబుతుంది. జీతం ఉండదు. నెలకొక సమావేశం, మధ్యమధ్య ఏ క్లినిక్కుకో పునరావాస కేంద్రానికో వెళ్లి చూసి రావడం, అంతే. ఏడాది తిరిగేసరికి చైర్‌పర్సన్ మీ వైపు చూసి, ‘సూపర్‌వైజర్లకు పంపవలసిన వార్షిక నివేదిక ఈసారి మీరు రాస్తారా?’ అని అడుగుతారు. మొహమాటానికి ఒప్పుకుంటారు. పాత నివేదికలు తెరిచి చూస్తే సమావేశాల తేదీలు, వచ్చి మాట్లాడిన అధికారుల పేర్లు, చివర ధన్యవాదాలు కనిపిస్తాయి. అదే మూసలో మరొకటి పోసి పంపితే మీ బాధ్యత తీరినట్టే ఉంటుంది గాని, చదివిన సూపర్‌వైజరుకు దానితో చేయవలసిన పని ఏదీ ఉండదు. చదివినవారు అవుననో కాదనో చెప్పక తప్పని నివేదికను ఎలా తయారుచేయాలో, దాన్ని ఎప్పుడు ఎవరి చేతికి అందించాలో ఇక్కడ వరుసగా చెబుతాను. వృద్ధుల సేవలు, గ్రంథాలయాలు, ఉద్యానవనాల వంటి ఇతర సలహా బోర్డుల్లో ఉన్నవారికి కూడా ఈ పద్ధతిలో చాలా భాగం పనికొస్తుంది. చట్టం సెక్షన్లు మాత్రం మీ బోర్డుకు ఏవి వర్తిస్తాయో చూసుకోవాలి.

ముందు మీ అధికారం ఎంతో తెలుసుకోండి

రాయడానికి కూర్చునే ముందు ఒక సాయంత్రం చట్టానికి కేటాయించండి. కాలిఫోర్నియా వెల్ఫేర్ అండ్ ఇన్‌స్టిట్యూషన్స్ కోడ్‌లోని 5604, 5604.2, 5604.5 సెక్షన్లు మీ బోర్డుకు పునాది. మూడూ కలిపి గంటలో చదవవచ్చు. కౌంటీ బిహేవియరల్ హెల్త్ వ్యవస్థ అవసరాలు ఏమిటి, అది ఎలా పనిచేస్తున్నది అన్న రెండు విషయాలపైన పాలకమండలికి, అంటే సూపర్‌వైజర్లకు, ఏటా నివేదిక సమర్పించడం బోర్డు విధుల్లో ఒకటని 5604.2 సెక్షన్ చెబుతుంది. ఆ వాక్యాన్ని జాగ్రత్తగా గమనించండి. చట్టం అడుగుతున్నది వ్యవస్థ గురించిన నివేదికను, బోర్డు తన గురించి తాను చెప్పుకునే నివేదికను కాదు. మీరు ఎన్నిసార్లు సమావేశమయ్యారన్నది అనుబంధంలో అర పేజీలో చెప్పవచ్చు. పాత నివేదికల్లో చాలావాటికి ఈ ఒక్క తేడా తెలియకపోవడమే అసలు జబ్బు.

అదే సెక్షన్ ప్రకారం, కౌంటీ బిహేవియరల్ హెల్త్ వ్యవస్థలోని ఏ అంశంపైనైనా పాలకమండలికీ, దాన్ని నడిపే కౌంటీ విభాగం డైరెక్టరుకూ సలహా చెప్పే అధికారం బోర్డుకు ఉన్నది. ఆదేశించే అధికారం మాత్రం లేదు. కాబట్టి నివేదికలో ‘విభాగం ఇలా చేయాలి’ అని తీర్పు చెప్పినట్టు రాయకుండా, ‘ఇలా చేయవలసిందిగా విభాగాన్ని ఆదేశించాలని సూపర్‌వైజర్లకు సిఫార్సు చేస్తున్నాము’ అని రాయడం సరైన పద్ధతి.

ఈ బోర్డుకు మరో ప్రత్యేకత ఉన్నది. సాధారణంగా 10 నుంచి 15 మంది సభ్యులుండే ఈ బోర్డులో కనీసం సగం మంది స్వయంగా చికిత్స పొందినవారో, పొందుతున్నవారో, లేక వారి కుటుంబసభ్యులో అయివుండాలి. అంటే విభాగం సంఖ్యల్లో మాత్రమే చూసే విషయాన్ని మీలో సగం మంది ఇంట్లో అనుభవించి ఉంటారు. ఆ అనుభవం కనిపించని నివేదికను కన్సల్టెంటు కూడా రాయగలడు.

చదివేది ఎవరో చూడండి

కాలిఫోర్నియాలో 58 కౌంటీలు ఉన్నాయి. ఒకే ప్రభుత్వంగా నగరమూ కౌంటీ కలిసి ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో 11 మంది సూపర్‌వైజర్లు ఉంటే, మిగిలిన కౌంటీల్లో ప్రస్తుతం అయిదుగురేసి ఉన్నారు. మన వైపు జిల్లాతో పోల్చుకుంటే, జిల్లా పరిషత్తు నిర్ణయాధికారమూ కలెక్టరు చేతిలోని సేవలపై అజమాయిషీ రెండూ ఎన్నికైన ఆ అయిదుగురి దగ్గరే ఉన్నట్టు. 2020 జనగణన ప్రకారం లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా కోటి దాటింది. ఆల్పైన్ కౌంటీలో ఉన్నది 1,204 మంది. రెండు చోట్లా సూపర్‌వైజర్లు అయిదుగురే. చిన్న కౌంటీలో మీరు సూపర్‌వైజరును కిరాణా దుకాణంలో కలుసుకుని విషయం చెప్పవచ్చు. శాంటా క్లారా, ఆలమీడా వంటి పెద్ద కౌంటీల్లో మీ నివేదికను మొదట చదివేది సూపర్‌వైజరు కార్యాలయంలో ఆరోగ్య విషయాలు చూసే సహాయకులు. వారు దాన్ని పది వాక్యాలకు కుదించి సూపర్‌వైజరు ముందు పెడతారు. ఆ పది వాక్యాలూ మీరే రాసి మొదటి పేజీలో పెడితే, వారి పని తగ్గుతుంది, మీ మాట వక్రీకరణ లేకుండా చేరుతుంది.

బోర్డులో ఒక స్థానం పాలకమండలి సభ్యులకు ఉండాలని చట్టం చెబుతున్నది. సమావేశాలకు ఆ సూపర్‌వైజరు బదులు సహాయకులు వస్తున్నా సరే, మీ నివేదికకు మొదటి తలుపు అదే.

క్యాలెండరును వెనకనుంచి లెక్కపెట్టండి

కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. బడ్జెట్ ప్రతిపాదన చాలా కౌంటీల్లో మే, జూన్ నెలల్లో సూపర్‌వైజర్ల ముందుకు వస్తుంది. అయితే విభాగాలు తమ కోరికల చిట్టాలను చలికాలంలోనే సిద్ధం చేసుకుంటాయి. ఏప్రిల్‌లో మీరు పంపే సిఫార్సు, అది ఎంత మంచిదైనా, బండి వెళ్లిపోయాక స్టేషనుకు చేరినట్టే. అందువల్ల నవంబరు బోర్డు సమావేశంలో ఓటింగు పూర్తయ్యేలా, డిసెంబరులోగాని జనవరిలోగాని సూపర్‌వైజర్ల ఎజెండాలో చేరేలా ప్రణాళిక వేసుకోండి. దానికి సెప్టెంబరులో మొదటి చిత్తుప్రతి, ఆగస్టులో అంశాల ఎంపిక జరిగిపోవాలి.

దీనితోపాటు మరో గడియారం నడుస్తుంటుంది. 2024 మార్చిలో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 1 (నేరుగా ప్రజల ఓటుకు పెట్టిన చట్ట ప్రతిపాదన) తర్వాత, 2004 నాటి ప్రాపొజిషన్ 63 కింద కోటీశ్వరుల ఆదాయంపైన, అంటే 10 లక్షల డాలర్లు దాటిన మొత్తంపైన, వసూలయ్యే ఒక శాతం పన్ను డబ్బును కౌంటీలు ఖర్చుపెట్టే విధానం మారింది. కౌంటీ వాటాలో 30 శాతం గృహవసతికి, 35 శాతం తీవ్రమైన జబ్బులున్నవారికి అన్నివిధాలా తోడుండే ఫుల్ సర్వీస్ పార్ట్‌నర్‌షిప్ కార్యక్రమాలకు, 35 శాతం మిగిలిన సేవలకు కేటాయించాలి. దీనికోసం కౌంటీలు మూడేళ్ల సమగ్ర ప్రణాళిక తయారుచేయాలి. మొదటిది 2026 జూలై నుంచి 2029 జూన్ వరకు. ఆ ముసాయిదాపైన 30 రోజులు ప్రజాభిప్రాయం తీసుకున్న తర్వాత బహిరంగ విచారణ నిర్వహించేది మీ బోర్డే. మీ వార్షిక నివేదికలోని సిఫార్సు ఈ మూడు పద్దుల్లో దేనికి చెందుతుందో ఒక్క మాటలో రాయండి. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏడాది పొడవునా పోగుచేయండి

నివేదికను చివరి రెండు వారాల్లో రాయవచ్చు గాని, దానికి కావలసిన ఆధారాన్ని రెండు వారాల్లో పుట్టించలేరు. బోర్డు పేరిట ఒక సామాన్యమైన పట్టిక పెట్టండి: తేదీ, ఎక్కడ విన్నాము లేక చూశాము, సమస్య ఏమిటి, విభాగాన్ని ఏమి అడిగాము, ఏమి జవాబు వచ్చింది. చివరి గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలే తర్వాత మీ నివేదికలో అన్నిటికంటే బలమైన పేరా అవుతాయి.

సంఖ్యలు కావాలంటే ఏవో ఒకటి కాకుండా, కొలబద్ద ఉన్నవి అడగండి. ఉదాహరణకు, అత్యవసరం కాని సందర్భంలో మెడి-క్యాల్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి కాలిఫోర్నియాలో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) లబ్ధిదారుకు మానసిక ఆరోగ్య నిపుణుల మొదటి అపాయింట్‌మెంట్ 10 పనిదినాల్లోపు, సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ 15 పనిదినాల్లోపు దొరకాలన్న ప్రమాణం ఉన్నది. కౌంటీలో ఎంత శాతం మందికి అలా దొరుకుతున్నదన్న ప్రశ్నకు విభాగం దగ్గర లెక్క ఉండి తీరాలి. ‘సేవలు బాగున్నాయా?’ అని అడిగితే ‘మెరుగుపరుస్తున్నాము’ అన్న జవాబు వస్తుంది; ‘10 రోజుల ప్రమాణం గత మూడు నెలల్లో ఎన్నిసార్లు తప్పింది?’ అని అడిగితే ఒక అంకె వస్తుంది, లేదా ఇబ్బందికరమైన మౌనం వస్తుంది. రెండూ రాసుకోదగినవే. రాష్ట్రస్థాయి ప్లానింగ్ కౌన్సిల్ కోసం స్థానిక బోర్డులు ఏటా నింపే డేటా నోట్‌బుక్‌లో ఇప్పటికే మీరు సేకరించిన సమాచారం ఉంటుంది కాబట్టి, ఆ శ్రమను రెండోసారి పడకండి.

ఒక హెచ్చరిక. ఎవరి కథనూ వారిని గుర్తుపట్టేలా రాయకండి. పేరు తీసేస్తే చాలదు. నేను రాసిన మొదటి చిత్తులో ఒక కేంద్రంలో కలిసిన వ్యక్తి వయసు, పాత వృత్తి, ఊరు రాశాను. తోటి సభ్యురాలు చదివి, ‘ఈయన ఎవరో నాకు తెలిసిపోయింది’ అన్నారు. అప్పటినుంచి వయసును దశాబ్దంగా, వృత్తిని వదిలేసి, ఊరి బదులు కౌంటీ ప్రాంతంగా రాస్తున్నాను. చికిత్స పొందే సభ్యులు తమ అనుభవాన్ని తామే చెప్పదలిస్తే అది వారి ఇష్టం. అచ్చులోకి వెళ్లే ముందు వారికి చూపించి అనుమతి తీసుకోండి.

వాట్సాప్ గ్రూపులో రాయకండి

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. ఏ పని మొదలుపెట్టినా ముందు వాట్సాప్ గ్రూపు పుట్టించడం మనకు అలవాటు. 1953 నుంచి అమల్లో ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం, బోర్డు సభ్యుల్లో మెజారిటీ కలిసి బోర్డు పరిధిలోని విషయాన్ని చర్చిస్తే అది సమావేశమే; దానికి ఎజెండా ఉండాలి, ప్రజలకు ప్రవేశం ఉండాలి. అందరూ ఒకేసారి ఒకచోట కూర్చోకపోయినా, ఒకరినుంచి ఒకరికి ఈమెయిల్ పాకుతూ మెజారిటీకి చేరినా ఉల్లంఘనే. 12 మంది బోర్డులో ఏడుగురున్న గ్రూపులో ‘మూడో సిఫార్సు మార్చేద్దామా?’ అని మీరు అడగడం, మిగిలినవారు అభిప్రాయాలు చెప్పుకోవడం చాలు, చిక్కుల్లో పడటానికి. ఇక సోషల్ మీడియా విషయంలో 2020లో చేసిన సవరణ మరింత ముందుకు వెళ్లింది: బోర్డు పరిధిలోని అంశంపై ఒక సభ్యుడి పోస్టుకు మరో సభ్యుడు బొటనవేలు గుర్తు పెట్టడం కూడా స్పందన కిందికే వస్తుంది.

సురక్షితమైన దారి ఇది. ఈ ఏడాది నివేదిక రాయడం కోసం మాత్రమే, పని పూర్తికాగానే రద్దయ్యేలా, ఇద్దరో ముగ్గురో సభ్యులతో ఒక తాత్కాలిక ఉపసంఘాన్ని బోర్డు సమావేశంలో నియమించండి. కోరం కంటే తక్కువమంది, అందరూ బోర్డు సభ్యులే అయిన ఇటువంటి ఉపసంఘానికి బహిరంగ సమావేశ నియమాలు వర్తించవు. స్థిరంగా కొనసాగే కమిటీలకు మాత్రం వర్తిస్తాయి. మిగిలిన సభ్యుల సూచనలు బోర్డు సిబ్బందికి చేరాలి, వారు ఉపసంఘానికి అందించాలి. అందరికీ ‘రిప్లై ఆల్’ కొట్టకూడదు.

సిఫార్సు ఎలా రాయాలి

నివేదికకు ప్రాణం ఇక్కడే ఉన్నది, కాబట్టి కొంత నిదానిస్తాను. మూడు సిఫార్సులు చాలు. అయిదు మించితే ఏది ముఖ్యమో మీకే తెలియదని చదివేవారు అనుకుంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు వృద్ధులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరికి కుంగుబాటు వచ్చి, ఇంగ్లీషు రాక, కౌంటీ సహాయ లైనుకు ఫోన్ చేయలేకపోయారని మీ దృష్టికి వచ్చింది. తొలి చిత్తులో సాధారణంగా ఇలా రాస్తాము: ‘మానసిక ఆరోగ్య సేవలు తెలుగు తదితర భాషల్లో మరింత అందుబాటులోకి రావాలని బోర్డు ఆకాంక్షిస్తున్నది.’ దీన్ని కాదనేవారు ఎవరూ ఉండరు, చేసేవారు కూడా ఎవరూ ఉండరు.

ఇప్పుడు అదే విషయాన్ని వివరాల్లోకి దించండి. మెడి-క్యాల్ నియమాల ప్రకారం ఒక కౌంటీలో 3,000 మంది లబ్ధిదారులో, లేక మొత్తం లబ్ధిదారుల్లో 5 శాతమో, ఏది తక్కువైతే అంతమంది ఒక భాష మాట్లాడితే ఆ భాషలో రాతపూర్వక సమాచారం ఇవ్వాలి. ఆ గీటు దాటని భాషలవారికి కూడా ఉచితంగా దుబాసీ సహాయం అందాలి, కౌంటీ నిర్వహించే 24 గంటల ఫోన్ లైను లబ్ధిదారులు మాట్లాడే అన్ని భాషల్లోనూ పలకగలగాలి. అంటే ‘తెలుగులో కరపత్రం వేయండి’ అని అడిగితే, సంఖ్య చాలదని తోసిపుచ్చడానికి వీలుంటుంది. ‘ఇప్పటికే చట్టం ఇవ్వమన్న దుబాసీ సహాయం అందుతున్నదో లేదో కొలవండి’ అని అడిగితే తోసిపుచ్చడం కష్టం. కాబట్టి సిఫార్సును ఇలా తిరగరాయవచ్చు:

‘కౌంటీ 24 గంటల లైనుకు ఇంగ్లీషు కాని భాషల్లో వచ్చిన కాల్స్ సంఖ్యను భాషలవారీగా, ప్రతి కాల్‌లో దుబాసీ కలవడానికి పట్టిన సమయంతో సహా, మూడు నెలలకొకసారి ఈ బోర్డుకు సమర్పించవలసిందిగా బిహేవియరల్ హెల్త్ డైరెక్టరును ఆదేశించాలని, మొదటి నివేదిక వచ్చే సెప్టెంబరు సమావేశానికి అందాలని బోర్డు సిఫార్సు చేస్తున్నది.’

ఇందులో ఎవరు చేయాలో ఉన్నది, ఏమి చేయాలో ఉన్నది, ఎప్పటికో ఉన్నది, నెరవేరిందో లేదో తెలుసుకునే మార్గం ఉన్నది. పెద్దగా ఖర్చు లేదు కూడా. దీని కింద ఒక పేరాలో ఆధారం, ఒక పేరాలో నియమం, మరో రెండు వాక్యాల్లో ఆ కుటుంబం అనుభవం రాస్తే సిఫార్సు పూర్తయినట్టే. ప్రతి సిఫార్సుకూ ఈ క్రమమే పాటించండి. మొత్తం నివేదిక అనుబంధాలు కాక ఎనిమిది పేజీలు దాటకపోవడం మంచిది.

విభాగం బాగా చేసిన పనిని కూడా అంతే నిర్దిష్టంగా రాయండి. ఊరికే పొగిడితే మర్యాదకు రాశారనుకుంటారు. ‘ఫలానా సంచార బృందం రాత్రివేళల్లో కూడా వెళ్లడం మొదలుపెట్టింది, దీన్ని కొనసాగించాలి’ అంటే అది బడ్జెట్ కోతల కాలంలో ఆ కార్యక్రమాన్ని నిలబెట్టే ఆధారం అవుతుంది.

డైరెక్టరుకు చూపండి, ఆపై ఓటుకు పెట్టండి

చిత్తుప్రతిని విభాగం డైరెక్టరుకు ముందుగా పంపి, వాస్తవాల్లో తప్పులుంటే రెండు వారాల్లో చెప్పమని అడగండి. సూపర్‌వైజర్ల ముందు డైరెక్టరు లేచి ‘ఈ అంకె తప్పు’ అంటే మీ మిగిలిన పేజీలన్నీ తేలిపోతాయి. అయితే మీరు కోరుతున్నది వాస్తవాల సవరణ మాత్రమేనని, అభిప్రాయాలకు అనుమతి కాదని ఉత్తరంలో స్పష్టంగా రాయండి. విభాగం మీతో ఏకీభవించకపోతే వారి వివరణను అనుబంధంగా చేర్చడం మర్యాద, పైగా తెలివైన పని.

తర్వాత నివేదికను బోర్డు సమావేశంలో పెట్టాలి. ఎజెండాను కనీసం 72 గంటల ముందు బహిరంగంగా అతికించాలి; సభ్యులకు పంపిన చిత్తుప్రతి ప్రజలకూ అందుబాటులో ఉండాలి. నియమితులైన సభ్యుల్లో సగానికి ఒకరు ఎక్కువ ఉంటేనే కోరం కుదురుతుంది కాబట్టి, ఆ రోజు ఎందరు వస్తున్నారో సిబ్బంది ద్వారా ముందే కనుక్కోండి. మొత్తం నివేదికను ఒకే ఓటుతో ఆమోదించే బదులు ప్రతి సిఫార్సుపైన విడిగా ఓటు తీసుకుని, ఎందరు అవునన్నారో ఎందరు కాదన్నారో మినిట్స్‌లో నమోదు చేయించండి. పైన చెప్పిన మూడేళ్ల ప్రణాళికపైన బహిరంగ విచారణ జరిగే రోజున ఈ అలవాటుకు గొప్ప విలువ ఉన్నది. కోరం ఉన్న విచారణలో హాజరైన సభ్యుల మెజారిటీ ఓటుతో బోర్డు ఆమోదించిన సిఫార్సును తుది ప్రణాళికలో చేర్చకపోతే, ఎందుకు చేర్చలేదో విభాగం పాలకమండలికీ రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖకూ రాతపూర్వకంగా వివరించాలి. ఓటు లేకుండా మాట వరసకు చెప్పిన సలహాకు ఆ రక్షణ లేదు. సలహా బోర్డు చేతిలో కాస్త పదునున్న ఆయుధం ఇదొక్కటే. చాలా బోర్డులు దీన్ని ఒరలోనే ఉంచుతాయి.

సూపర్‌వైజర్ల సమావేశంలో

నివేదికను క్లర్క్ ఆఫ్ ద బోర్డు కార్యాలయానికి, అంటే సూపర్‌వైజర్ల సమావేశాల ఎజెండా చూసే కార్యాలయానికి, ఇస్తే, అది సాధారణంగా కన్సెంట్ క్యాలెండరులో చేరుతుంది. అంటే చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదించే పాతిక ముప్పై అంశాల్లో ఒకటవుతుంది. దాని పక్కన ‘స్వీకరించి దస్త్రంలో ఉంచడం’ అన్న చర్య రాసి ఉంటుంది. మన బుట్టదాఖలుకు ఇది గౌరవనీయమైన పేరు. దీన్ని తప్పించాలంటే కనీసం ఆరు వారాల ముందే మీ బోర్డులో సభ్యులుగా ఉన్న సూపర్‌వైజరు కార్యాలయాన్ని సంప్రదించి, నివేదికను చర్చించే అంశంగా పెట్టమని, కోరే చర్యను ‘స్వీకరించి, ఒకటి, రెండు సిఫార్సులపై 90 రోజుల్లో తిరిగి నివేదించవలసిందిగా విభాగాన్ని ఆదేశించడం’ అని మార్చమని అడగండి. శాంటా క్లారాలోని హెల్త్ అండ్ హాస్పిటల్ కమిటీ వంటి ఉపసంఘం మీ కౌంటీలోనూ ఉంటే ముందు అక్కడికి వెళ్లడం మేలు. పూర్తి మండలిలో దొరకని సమయం అక్కడ దొరుకుతుంది. సమావేశానికి ముందు వారంలో మిగిలిన సూపర్‌వైజర్ల సహాయకులకు మొదటి పేజీ మాత్రం పంపి, పదిహేను నిమిషాలు మాట్లాడటానికి సమయం అడగండి.

మీకు అయిదు నిమిషాలే ఇస్తారనుకుని సిద్ధపడండి. స్లయిడ్లు మూడు మించకూడదు. బోర్డు చరిత్రతో మొదలుపెట్టకుండా మొదటి వాక్యంలోనే మీరు కోరుతున్న ఆదేశాన్ని చెప్పండి, తర్వాత ఆధారం చెప్పండి. చికిత్స పొందిన సభ్యులో కుటుంబసభ్యులో మాట్లాడటానికి ముందుకు వస్తే, ఒక నిమిషం వారికివ్వండి. ప్రశ్నకు జవాబు తెలియకపోతే ‘బోర్డు దీన్ని పరిశీలించలేదు, కనుక్కుని రాతపూర్వకంగా పంపుతాము’ అనండి. ఆ వేదికమీద మీరు బోర్డు ఓటేసిన మాటలకే ప్రతినిధి. మీ సొంత అభిప్రాయం చెప్పాలనిపిస్తే మరో రోజు ప్రజాభిప్రాయ సమయంలో, పౌరుడిగా మాట్లాడుతున్నానని ముందే చెప్పి మాట్లాడండి.

మర్నాడే ముగ్గురికి ఉత్తరాలు వెళ్లాలి: ఆదేశం ఇచ్చిన సూపర్‌వైజర్లకు కృతజ్ఞతగా ఒకటి, డైరెక్టరుకు గడువు తేదీని గుర్తుచేస్తూ ఒకటి, క్లర్కుకు ఆ అంశం మినిట్స్ ప్రతి కోరుతూ ఒకటి. ఆ తర్వాత బోర్డు నెలవారీ ఎజెండాలో ‘సిఫార్సుల స్థితి’ అన్న అంశాన్ని శాశ్వతంగా చేర్పించి, 90 రోజుల గడువు పడే నెలలో డైరెక్టరు పేరును దాని ఎదురుగా రాయించండి. వచ్చే ఏడాది నివేదిక మొదటి పేజీలో ఈ ఏడాది సిఫార్సులు, వాటికి వచ్చిన జవాబులు, గడువు దాటిన రోజులు ఒక పట్టికగా ఉండాలి. ఆ పట్టికలో మొదటి మూడు వరుసలు ఈ రాత్రే నింపి పెట్టుకోవచ్చు.